మజిలీ నుంచి లాడ్జి దాకా: మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో బస చరిత్ర

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలను ఇప్పుడు 42వ నంబరు జాతీయ రహదారి ఒకే దారానికి గుచ్చింది. అనంతపురం, కదిరి మీదుగా వచ్చే ఈ రోడ్డు మదనపల్లె దాటాక పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం తగిలి తమిళనాడులోని కృష్ణగిరికి చేరుతుంది. దారి ఒకటే. ఊరుగాని ఊరు వచ్చిన మనిషి రాత్రి నడుం వాల్చే చోటు మాత్రం మూడు ఊళ్లలో మూడు రకాలుగా ఏర్పడింది. మదనపల్లెలో బస్టాండ్లు, కుప్పంలో రైల్వే స్టేషను, పుంగనూరులో జమీందారీ కోట ఆ చోటును నిర్ణయించాయి. ఏ పేటలో దిగాలన్న ప్రశ్నకు ప్రతి కాలంలోనూ జవాబు చెప్పినవి రెండే: వచ్చినవాడు దేనిమీద వచ్చాడు, ఏ గడప అతణ్ణి లోపలికి రానిచ్చింది.

చెరువు, తోపు, మజిలీ

రైళ్లూ బస్సులూ లేని రోజుల్లో ప్రయాణానికి కొలబద్ద ఎద్దు. బండి కట్టిన జత రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్లు నడిస్తే గొప్ప. ఆ లెక్కన మదనపల్లె నుంచి పుంగనూరు ఒక మజిలీ, పుంగనూరు నుంచి పలమనేరు మరో మజిలీ. ఎండాకాలంలో బండ్లు రాత్రిపూట నడిచేవి. తెల్లారేసరికి ఏదో ఒక చెరువు దగ్గర ఎద్దులను విప్పి, పొద్దు వాలేదాకా నీడన ఉండి, మళ్లీ బండి కట్టేవారు.

సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైబడి ఉన్న ఈ మెట్ట సీమలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. ఊరు బతకాలన్నా, బాటసారి ఆగాలన్నా చెరువే ఆధారం. చిన్నతిప్పసముద్రం, పెద్దతిప్పసముద్రం వంటి ఊరిపేర్లలోని సముద్రాలన్నీ తవ్వించిన చెరువులే. చెరువు కట్ట కింద బావి, పక్కన చింతతోపో మామిడితోపో ఉంటే అది సహజంగానే మజిలీ అయ్యేది. బియ్యం, పప్పు, కట్టెలు, ఎద్దులకు గడ్డి దొరకడానికి నాలుగు అంగళ్లు ఉంటే మరీ మంచిది. మదనపల్లెకు కొద్ది దూరంలో కదిరి దారిలో ఉన్న ఊరి పేరే అంగళ్లు.

ఆ కాలపు ప్రయాణికుడు బసకు చోటు ఎలా ఎంచుకునేవాడో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ చూస్తే తెలుస్తుంది. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయల్దేరిన ఆయన తిరుపతి, కడప మీదుగా ఉత్తరానికి సాగాడు. మదనపల్లె వైపు రాలేదు గానీ, మదనపల్లె అప్పటికి కడప జిల్లాలోదే. 1838లో అచ్చయిన ఆ పుస్తకంలో ప్రతి మజిలీకీ దాదాపు ఒకే తీరు పరిశీలన కనిపిస్తుంది: నీళ్లు మంచివా కావా, అంగళ్లు ఉన్నాయా, సత్రం ఉందా, దిగడానికి ఇళ్లు దొరుకుతాయా, దారి ఎలాంటిది. ఊరి అందచందాలు ఆ తరవాతి మాట.

సత్రం గడప

పెద్ద దారుల మీదా, పుణ్యక్షేత్రాలకు పోయే బాటల మీదా రాజులు, పాళెగాళ్లు, కోమటి వర్తకులు సత్రాలు కట్టించారు. ఈ సీమలో సత్రాన్ని చత్రమని కూడా అంటారు. మైసూరు సీమ నుంచి తిరుపతికి నడిచే భక్తులకు చింతామణి, మదనపల్లె, పీలేరు ఒక దారి. ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మరొక దారి. సత్రం నడవడానికి కొంత భూమి మాన్యంగా రాసి ఇచ్చేవారు. ఆ మాన్యాల రాబడి పక్కదారి పట్టకుండా చూసే బాధ్యతను 1817 నాటి మద్రాసు ఏడవ రెగ్యులేషను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. గుళ్లు, మసీదులతో పాటు వంతెనలు, సత్రాల మరమ్మతు కూడా ఆ చట్టంలో చేరింది.

సత్రం కట్టడం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. వీధివైపు రెండు పక్కలా ఎత్తయిన అరుగులు. దాటితే రాతి స్తంభాల నడవ. నడిమధ్య ఆకాశం కనిపించే వాకిలి, వెనక మసిబారిన వంటిల్లు, వరసగా మట్టి పొయ్యిలు, పెరట్లో గిలక బావి. గదులు ఒకటో రెండో ఉంటే ఆడవాళ్లకూ పిల్లలకూ. మగవాళ్లకు నడవలో పరుచుకున్న చాపే చోటు. మూటే తలగడ. గోడలోని గూటిలో ఆముదం దీపం. మూడు రోజులకు మించి ఉండకూడదన్నది చాలా సత్రాల కట్టుబాటు.

ఆ గడప అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. భోజనం పెట్టే సత్రాల్లో ఎక్కువ వాటికి పంక్తి బ్రాహ్మణులదే. మిగతా కులాలవారికి బియ్యం కొలిచి ఇస్తే వారు వేరే చోట వండుకునేవారు. కొన్నింట అరుగు వరకే అనుమతి. మాలమాదిగలకు అరుగు కూడా లేదు. వారు తమవాళ్లుండే వాడలోనో, ఊరి బయటి చెట్టు కిందో ఆగాల్సి వచ్చేది. ముస్లిం బాటసారికి మసీదు ఆవరణ, దర్గా, ముసాఫరుఖానా ఆసరా. బండివాడికి బండి కిందే పడక. ఎద్దులనూ సరుకునూ వదిలి పోలేడు గనుక సత్రం తెరిచి ఉన్నా అతనికి ఉపయోగం తక్కువ. డబ్బిచ్చి తినగలిగినవారికి పూటకూళ్లిళ్లు ఉండేవి. పూటకూళ్లమ్మ ఇంట భోజనం చేసి అదే వసారాలో పడుకునే ఏర్పాటు తరవాతి కాలపు హోటళ్లకు ముందు రూపు. కాబట్టి ఫలానా వీధిలో దిగాలన్నది ఇష్టాన్ని బట్టి జరిగింది కాదు. కులం చెప్పగానే వీధి తేలిపోయేది.

దొర డేరా, టీబీ

1800లో దత్త మండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక కొత్త రకం ప్రయాణికుడు దారికెక్కాడు. దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో ఆ ఏళ్లలో చాలా భాగం డేరాల్లోనే గడిపాడు. ఊరూరా తిరిగి భూమి లెక్కలు చూసే ఉద్యోగానికి స్థిరమైన ఇల్లు పనికిరాదు. చింతతోపులో డేరా వేస్తే అదే కచేరి. దొర మకాం ఉన్నన్నాళ్లూ కరణాలు, రెడ్లు, అర్జీదారులు ఆ తోపు చుట్టూనే తిరిగేవారు.

డేరాలకు బదులు దారి పక్కన కట్టినవి ముసాఫరు బంగళాలు. జనం నోట అవి ట్రావెలర్స్ బంగళాలై, చివరకు టీబీలయ్యాయి. 1871 నాటి లోకల్ ఫండ్స్ చట్టం, 1884 నాటి లోకల్ బోర్డుల చట్టం వచ్చాక మద్రాసు రాష్ట్రంలో రోడ్లు, సత్రాలు, బంగళాల నిర్వహణ క్రమంగా స్థానిక బోర్డుల కిందికి చేరింది. టీబీని ఊరి నడుమ కట్టలేదు. కచేరి, పోలీసు ఠాణా, సబ్‌కలెక్టరు బంగళా ఉండే విశాలమైన పేటలో, పెద్ద చెట్లున్న ఆవరణలో కట్టారు. ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా, రెండు సూట్లు, చేతులు సాచిన వాలుకుర్చీ, వెనక వంటవాడి గది, బల్లమీద వచ్చినవాళ్లు సంతకం పెట్టే పుస్తకం. సర్కారు పనిమీద వచ్చిన అధికారిదే ముందు హక్కు. అద్దె కట్టి దిగిన మామూలు మనిషి, అధికారి వస్తే గది ఖాళీ చేయాలి.

ఆ బంగళాల కోవలోనే ఒక కొండ ఊరు పుట్టింది. మదనపల్లెకు 30 కిలోమీటర్ల లోపున్న ఏనుగు మల్లమ్మ కొండమీద కడప కలెక్టరు హార్స్‌లీ 1870 ప్రాంతంలో వేసవి విడిది కట్టుకున్నాడు. 4,000 అడుగులు దాటిన ఎత్తున చల్లగాలి అందుకు కారణం. ఏనుగుల మధ్య పెరిగిందని చెప్పుకునే మల్లమ్మ పేరు గుడికి మిగిలింది. కొండకు దొర పేరు స్థిరపడింది. తరవాత అటవీశాఖ బంగళా, గవర్నరు విడిది, పర్యాటక శాఖ అతిథి గృహాలు వచ్చాయి. ఒక అధికారి వేసవి ఇంటి చుట్టూ పెరిగిన ఆ చోటు ఇప్పుడు మదనపల్లె వైపు వచ్చే విహారయాత్రికులకు మొదటి బస.

కోట నీడన

పుంగనూరు కథ వేరు. అక్కడ ఊరికి కేంద్రం చిక్కరాయల వంశపు జమీందారీ కోట. సంస్థానానికి వచ్చే పండితులు, సంగీతగాళ్లు, బంధువులు, దివాను దగ్గర పని ఉన్నవారు కోట చుట్టుపక్కల విడిదుల్లో దిగేవారు. జమీందారు అతిథికి బసతో పాటు సంబారాలు కూడా అందడం సంస్థానాల మర్యాద. పశువుల బేరానికి వచ్చే రైతులు సంతదగ్గరే రాత్రి గడిపేవారు. పుంగనూరు పేరు మోసే పొట్టి ఆవు ఈ సీమ పశుసంపదకు గుర్తు.

జమీందారుల ఇలవేల్పు సుగుటూరు గంగమ్మ జాతర ఏటా కోట ఆవరణలోనే జరుగుతుంది. జాతర రోజుల్లో ఊరంతా సత్రమే. చుట్టాలు లేని ఇల్లు ఉండదు. మిద్దెలమీద, అరుగులమీద, బండ్ల కింద జనం పడుకునేవారు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది, దానితో పాటే అతిథి మర్యాద ఖర్చుకు ఆధారమూ పోయింది. జాతర మాత్రం నిలిచింది. రైలు మార్గం లేకపోవడం, మదనపల్లె ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలోనే ఉండటం వల్ల పుంగనూరులో లాడ్జీల పేట అంతగా పెరగలేదు. పని చూసుకుని రాత్రికి మదనపల్లె చేరే అలవాటు బస్సులు వచ్చినప్పటి నుంచీ ఉంది.

రైలు తెచ్చిన పేట, రైలు తేని పేట

కంగుంది జమీందారీకి కేంద్రమైన కుప్పానికి రైలు తొందరగా వచ్చింది. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు మద్రాసు రైల్వే వేసిన మార్గం 1864లో మొదలైంది. కుప్పం ఆ దారిలోనే ఉంది, స్టేషను ఊరిని ఆనుకునే ఉంది. దాంతో బండ్ల మజిలీకి బదులు స్టేషను వీధి ముఖ్యమైంది. రైలు దిగిన వర్తకుడు చేతిసంచితో నడిచిపోయే దూరంలోనే భోజన హోటళ్లు, తరవాత లాడ్జీలు వెలిశాయి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే ఈ సరిహద్దు ఊళ్లో లాడ్జి గుమస్తాకు మూడు భాషలూ రావడం వింత కాదు.

మదనపల్లెకు రైలు వచ్చీ రానట్టే అయింది. ధర్మవరం, పాకాల మధ్య మీటరుగేజి మార్గం 1890ల తొలి ఏళ్లలో పడింది. కానీ మదనపల్లె రోడ్డు స్టేషను ఊరికి పది కిలోమీటర్ల అవతల చిన్నతిప్పసముద్రంలో, అంటే జనం సీటీఎం అనే చోట ఉంది. రైలు దిగినవాడు జట్కానో బండినో మాట్లాడుకుని ఊళ్లోకి రావాలి. స్టేషను దగ్గర పట్టణం పెరగలేదు, పట్టణంలో స్టేషను వీధి లేదు. 2010 ప్రాంతంలో మార్గం బ్రాడ్‌గేజి అయ్యాక కూడా ఆ దూరం దూరంగానే ఉంది.

కుప్పంలోలా బస బండ్ల మజిలీని వదిలి స్టేషను వైపు మళ్లడం యూరపులోనూ కనిపిస్తుంది. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో కావా బాహా అనే వీధి పాత కోటగోడ పక్కన, సంతకు దగ్గరగా ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కంచరగాడిదల మీద, బండ్ల మీద సరుకు తెచ్చేవారు అక్కడి పూటకూళ్లిళ్లలో దిగేవారు. ప్లాసా మయోర్ దగ్గరి పొసాదా దెల్ పేనే అనే బస 1610 నాటిదని చెబుతారు. రైళ్లు వచ్చాక కొత్త హోటళ్లు స్టేషన్ల వైపు మళ్లాయి. ఇప్పటి పర్యాటకుడు పాతపేటలో దిగాలా, స్టేషను పక్కన దిగాలా అని ఆలోచించడానికి మూలం బండికీ రైలుకూ మధ్య జరిగిన ఆ మార్పే.

కళాశాల, ఆసుపత్రి

మదనపల్లెకు బయటి జనాన్ని రప్పించినవి రైలుకన్నా ఎక్కువగా సంస్థలు. అమెరికా ఆర్కాట్ మిషనుకు చెందిన డాక్టరు జేకబ్ ఛాంబర్లిన్ 1863లో మదనపల్లె చేరి వైద్యం మొదలుపెట్టాడు. మిషను ఆవరణ చుట్టూ ఒక పేట ఏర్పడింది. అనీబిసెంటు 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల మరో పేటకు మూలం. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఊరు కావడం కూడా దివ్యజ్ఞాన సమాజానికి దీనిమీద మక్కువ కలిగించింది.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు వచ్చి దిగింది ఊళ్లోని ఏ సత్రంలోనూ కాదు, ఈ కళాశాల ఆవరణలో. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఆయనకు ఆతిథ్యమిచ్చాడు. ‘జనగణమన’ను ఠాగూరు ఇంగ్లీషులోకి తెచ్చింది ఆ కొద్ది రోజుల్లోనే, ఫిబ్రవరి 28న. పాటకు స్వరం రాసిపెట్టడంలో కజిన్స్ భార్య మార్గరెట్ సాయపడింది. విద్యాసంస్థలో అతిథిగా ఉండే ఈ పద్ధతి తరవాత మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ పాఠశాలకూ విస్తరించింది. పిల్లలను చూడవచ్చే తల్లిదండ్రులు, కృష్ణమూర్తి ప్రసంగాలకు వచ్చే శ్రోతలు ఆ లోయలోని అతిథి గృహాల్లోనే ఉండేవారు.

రోగుల బస ఇంకో రకం. క్షయ రోగులకోసం పలు క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన శానటోరియం 1915లో పట్టణానికి వెలుపల ఆరోగ్యవరంలో స్థిరపడింది. డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోట్-మోలర్ దానిని నడిపాడు. 1940ల దాకా క్షయకు మందు లేదు. పొడిగాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇదే వైద్యం. కాబట్టి రోగి వెంట వచ్చినవారి బస కూడా నెలల లెక్కే. ఊళ్లో ఇంటి భాగం అద్దెకు తీసుకుని, వంట చేసుకుని, రోగిని చూసి రావడం వారి దినచర్య. 1948లో దేశంలో బీసీజీ టీకా పని మొదలైన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. టీబీ అన్న రెండక్షరాలకు ఈ ఊళ్లో రెండు అర్థాలు నడిచాయి: ఒకటి అధికారులు దిగే బంగళా, రెండోది రోగులను తెచ్చే జబ్బు.

చట్టం, బస్సు, లాడ్జి

సత్రం గడపమీది కులం ప్రశ్నను చట్టం మెల్లగా తొలగించింది. బహిరంగ స్థలాల్లో అంటరానితనం పాటించకుండా మద్రాసు రాష్ట్రం 1938లో ఒక చట్టం చేసింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల వాడకంలో కులమతాల వివక్షను నిషేధించింది. ధర్మశాలల్లో ఎవరినైనా అంటరానితనం పేరుతో అడ్డుకోవడాన్ని 1955 నాటి అంటరానితన నేరాల చట్టం శిక్షార్హం చేసింది. చట్టం వచ్చిన మరునాడే నడవలు తెరుచుకోలేదు. కులసంఘాల సత్రాలు చాలావరకు తమవారికే అన్నట్టు నడిచి, తరవాత కల్యాణమండపాలయ్యాయి.

అసలు మార్పు లాడ్జితో వచ్చింది. ఊళ్ల మధ్య బస్సులు పెరిగి, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడ్డాక రాత్రి బసకు బస్టాండు చుట్టుపక్కలే కేంద్రమైంది. మదనపల్లెలో దారిని బట్టి బెంగళూరు బస్టాండు, చిత్తూరు బస్టాండు అన్న పేర్లే స్థిరపడ్డాయి. లాడ్జి కౌంటరులో ఒక లావుపాటి రిజిస్టరు. గళ్లలో పేరు, ఏ ఊరు నుంచి, ఏ పనిమీద, ఎన్ని గంటలకు. అడ్వాన్సు కట్టగానే చెక్కబిళ్ల తగిలించిన తాళంచెవి, ఒక దుప్పటి, స్టీలు చెంబు. మేడమీది గది కిటికీలోంచి బస్సు బోర్డులు కనిపిస్తాయి. తెల్లవారుజామున కండక్టరు కేకే అలారం. రిజిస్టరులో కులం గడి లేదు. గది దొరకడానికి కావలసింది అద్దె. సత్రం ఉచితంగా ఇచ్చింది కొందరికి, లాడ్జి డబ్బుకు ఇచ్చింది దాదాపు అందరికీ.

బస్టాండు పేటతో పాటు వ్యాపారం మరికొన్ని చోట్లను బసకు అనువుగా మార్చింది. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. కాపు ముమ్మరంగా ఉండే వేసవిలో బయటి రాష్ట్రాల వ్యాపారులు వారాల తరబడి ఉండి వేలంలో సరుకు కొంటారు. వారికి యార్డుకు దగ్గర గది కావాలి, ఎందుకంటే వేలం పొద్దున్నే. లారీ డ్రైవరు మాత్రం పాత బండివాడిలాగే సరుకు పక్కనే, క్యాబిన్‌లో పడుకుంటాడు. పట్టుచీరల కొనుగోలుకు వచ్చేవారు నేతపేట నీరుగట్టువారిపల్లెకు ఆటోలో పోయి రాగల దూరంలో దిగుతారు.

కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం, ఆ తరవాత వైద్య కళాశాల రావడంతో బస రెండుగా చీలింది. సెమినారుకు వచ్చిన ఆచార్యుడికి ఊరి వెలుపలి క్యాంపస్ అతిథి గృహం, రోగి బంధువులకు ఆసుపత్రి దగ్గరి గదులు. రైలుకు వచ్చి రైలుకు పోయేవారికి పాత స్టేషను పేటే. బెంగళూరు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉండటంతో రోజూ రైలెక్కి పోయి రాత్రికి ఇల్లు చేరేవారే ఎక్కువ.

ఇప్పుడు ఈ మూడు ఊళ్లను కలిపే జాతీయ రహదారి వెడల్పయి, ఊళ్ల వెలుపలి నుంచి బైపాసులు పడుతున్నాయి. సొంత కార్లు పెరిగాయి. కొత్త హోటళ్లు బస్టాండును వదిలి, కారు నిలపడానికి జాగా ఉన్న ఊరి పొలిమేరలకు జరుగుతున్నాయి. బండ్ల కాలంలో ఎద్దులు విప్పడానికి తోపు వెతికినట్టే ఇప్పుడు పార్కింగు చూసి హోటలు ఎంచుకుంటున్నారు.